సరిహద్దుకు ఆవల బంధువులున్నవారి విచారణ – న్యాయపీఠం బాధ్యత

 

దివ్యఖుర్ఆన్‌లో అరవయ్యవ సూరా పేరు అల్-ముమ్తహినా. అంటే పరీక్షించబడిన స్త్రీ. పదమూడు ఆయతుల చిన్న సూరా ఇది. స్నేహం ఎవరితో, శత్రుత్వం ఎవరితో అన్న విషయం చెప్పేటప్పుడు సాధారణంగా ఈ సూరాను వివరిస్తుంటారు. అది సరైనదే. అయితే ఈ సూరాలో మొదటి ఆయతు నుంచి పదో ఆయతు వరకు నడిచే మరో విషయం కూడా ఉంది. ఒక మనిషి ఇక్కడ ఉన్నాడు, అతని రక్తసంబంధీకులు అవతలి రాజ్యంలో ఉన్నారు. అలాంటి మనిషిని ఎలా నమ్మాలి? నమ్మాలా వద్దా అని తేల్చవలసినవాడు ఎలా తేల్చాలి?

ఇది పాత కాలపు ప్రశ్న అనుకోకండి. నరసరావుపేట వైపు ఒక పల్లెలో జుమా నమాజు తరువాత ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి అడిగారు. పత్తి, మిరప వేసుకుని బతికే కుటుంబం. కొడుకు ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళాడు. ఏళ్ళు గడిచి అక్కడి పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు అక్కడి రక్షణ శాఖకు పనిచేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది గాని, దానికి భద్రతా అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో దగ్గరి కుటుంబ సభ్యుల వివరాలతో పాటు, వేరే దేశాల్లో ఉంటూ తనతో ఆత్మీయంగా మాటామంతీ ఉన్నవారి వివరాలు కూడా రాయాలి. పెద్దాయన అక్క పెళ్ళై కరాచీ వెళ్ళింది. మేనల్లుడు ఆమెకు పండగ పండక్కీ ఫోను చేస్తాడు. "మౌలానా, మా అక్క పేరు రాయకపోతే పాపమా?" అన్నది ఆయన ప్రశ్న. మేము జవాబు చెప్పేలోగా పక్కనున్న మరొకరు అందుకున్నారు: "రాస్తే మాత్రం న్యాయం జరుగుతుందా చాచా?"

మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే చెప్పాము. అడిగినచోట దాచడం అబద్ధమే. సంతకం పెట్టి దాచడం అంతకన్నా పెద్ద అబద్ధం. పైగా ఆ విచారణల్లో బంధువు ఉన్నాడన్న సంగతి కన్నా, బంధువును దాచాడన్న సంగతే మనిషిని ఎక్కువ ముంచుతుంది. దాచడమన్నది అక్కడి నియమాల్లో వేరే అభియోగం. మేనత్తకు ఫోను మానేయమని కూడా మేము చెప్పలేదు, చెప్పలేము. బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడన్న హదీసు మనకు తెలుసు. రెండో ప్రశ్నకు మాత్రం నిలబడి జవాబు చెప్పే సమయం దొరకలేదు. ఈ నెల దానికే కేటాయిస్తున్నాము.

ఒక ఉత్తరం, ఒక ప్రశ్న

హిజ్రీ 8వ సంవత్సరం. దైవప్రవక్త (స) మక్కా వైపు బయలుదేరే సన్నాహంలో ఉన్నారు. విషయం రహస్యంగా ఉంచారు. ఆ సమయంలో బద్ర్ యుద్ధంలో పాల్గొన్న హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) ఖురైషులకు ఒక ఉత్తరం రాసి ఒక స్త్రీ చేతికిచ్చి పంపారు. అల్లాహ్ ఈ సంగతి తన ప్రవక్తకు తెలియజేశాడు. హజ్రత్ అలీ (రజి), హజ్రత్ జుబైర్ (రజి), హజ్రత్ మిఖ్దాద్ (రజి) గుర్రాలపై వెళ్ళి, రౌజా ఖాఖ్ అనే చోట ఆమెను పట్టుకుని ఉత్తరం తెచ్చారు. బుఖారి, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఉదంతం ఇది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. యుద్ధకాలం. ఉత్తరం చేతిలో ఉంది. రాసినవాడు ఎవరో తెలుసు. అందుకున్న సమాచారం దైవవాణి, అందులో పొరపాటుకు తావు లేదు. ఈ కాలపు ఏ విచారణాధికారి దగ్గరా ఇంత గట్టి ఆధారం ఉండదు. అయినా దైవప్రవక్త (స) చేసిన మొదటి పని హాతిబ్‌ను పిలిచి, ఇదేమిటని అడగడం. తన విషయంలో తొందరపడవద్దని హాతిబ్ (రజి) వేడుకున్నారు. తాను ఖురైషుల్లో పుట్టినవాడు కాదని, వారిని ఆశ్రయించి ఉన్నవాడినని, మిగిలిన ముహాజిర్ల కుటుంబాలను కాపాడడానికి మక్కాలో వారి రక్తసంబంధీకులు ఉన్నారని, తనవారికి అలాంటి అండ లేదని, ఖురైషులకు ఒక మేలు చేస్తే తనవారి జోలికి రారనుకున్నానని చెప్పుకున్నారు. విశ్వాసం వదిలి చేసిన పని కాదన్నారు. ఆయన నిజమే చెప్పారని దైవప్రవక్త (స) ప్రకటించారు. హజ్రత్ ఉమర్ (రజి) కత్తి దూయడానికి అనుమతి కోరారు. దైవప్రవక్త (స) హాతిబ్ బద్ర్‌లో పాల్గొన్న సంగతి గుర్తుచేసి వారించారు.

హజ్రత్ ఉమర్ (రజి) కోపం స్వార్థంతో వచ్చింది కాదు, ఈమాన్ నుంచి వచ్చిన కోపం. అయినా అది తీర్పు కాలేకపోయింది. కోపంగా ఉన్నప్పుడు ఇద్దరి మధ్య తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) ఖాజీలను వారించారు కదా. ఆ కోపం దేశంపై ప్రేమతో వచ్చినదైనా, ధర్మంపై ప్రేమతో వచ్చినదైనా హదీసులో మినహాయింపు లేదు.

అయితే ఈ ఉదంతాన్ని ఒకవైపు నుంచే చూపితే మేము కూడా పక్షపాతులమే అవుతాము. హాతిబ్ (రజి) చేసింది తప్పేనని ముమ్తహినా సూరా మొదటి ఆయతులే తీవ్రంగా మందలించాయి. బంధువులు గాని, సంతానం గాని ప్రళయదినాన అక్కరకు రారని మూడో ఆయతు హెచ్చరిస్తోంది. శత్రువు చేతిలో ఉన్న భార్యాబిడ్డల మీద భయం ఒక సహాబీనే తడబడేలా చేసింది. కాబట్టి అవతల బంధువులు ఉన్నవాడిపై ఒత్తిడి రావచ్చునన్న భయం నిరాధారమైనది కాదు. ప్రభుత్వం ఆ ప్రశ్న అడిగితే, మనల్ని అవమానించిందని ఉలిక్కిపడనక్కరలేదు.

అదే సంవత్సరం, అదే మదీనా నగరంలో జరిగిన మరో సంగతి చూడండి. హుదైబియా ఒప్పందాన్ని నిలబెట్టుకోవడానికి ఖురైషుల నాయకుడు అబూ సుఫ్యాన్ మదీనా వచ్చాడు. తన కూతురు, విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) ఇంటికి వెళ్ళి పరుపు మీద కూర్చోబోయాడు. ఆమె ఆ పరుపు చుట్టేశారు. అది దైవప్రవక్త (స) పరుపు, నీవు కూర్చోదగినది కాదని తండ్రి ముఖం మీదే చెప్పారు. సీరత్ గ్రంథాల్లో ఇది ప్రసిద్ధం. హాతిబ్ (రజి) కుటుంబం మక్కాలో సామాన్య కుటుంబం. ఉమ్మె హబీబా (రజి) తండ్రి ఏకంగా శత్రు నాయకుడు. బంధుత్వాన్ని తూకం వేసి మాత్రమే తీర్పు చెప్పే న్యాయమూర్తి వీరిద్దరిలో ఎవరిని ముందు అనుమానించి ఉండేవాడు?

బంధుత్వం ఒక ప్రశ్న. దాన్ని అడగవచ్చు, అడగాలి కూడా. అదే జవాబు అనుకున్నవాడు మాత్రం న్యాయపీఠం మీద కూర్చోతగడు.

పరీక్షించబడిన స్త్రీ

ఈ సూరా పేరుకు కారణమైన పదో ఆయతు నేరుగా మన విషయమే మాట్లాడుతోంది. హుదైబియా ఒప్పందం తరువాత మక్కా నుంచి కొందరు స్త్రీలు విశ్వాసులమంటూ మదీనా చేరారు. వారి భర్తలు, అన్నదమ్ములు, తండ్రులు మక్కాలో ఉన్నారు. వారిలో ఎవరైనా గూఢచారి కావచ్చు, భర్త మీద అలిగి వచ్చినవారు కావచ్చు. అలా వచ్చిన స్త్రీలను పరీక్షించమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. వారి విశ్వాసం గురించి అల్లాహ్‌కే బాగా తెలుసునని కూడా అదే ఆయతులో చెప్పాడు. పరీక్షలో విశ్వాసులని తేలితే వారిని తిరిగి పంపవద్దన్నాడు. మన పెద్దలు దీని నుంచి ఒక సూత్రం గ్రహించారు. న్యాయం చెప్పేవాడు బయటికి కనిపించినదాని మీదే తీర్పు చెప్పాలి. మనసులోకి దిగి వెతకడం అతని పని కాదు. ఆ జ్ఞానం అతనికి ఇవ్వబడలేదు.

ఆ స్త్రీలను ఏమి అడిగేవారో ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంగా తఫ్సీర్లలో ఉంది. భర్త మీద ద్వేషంతో రాలేదని, ఒక ప్రాంతం మీద మోజుతో ఇంకో ప్రాంతం వదలలేదని, ప్రాపంచిక లాభం కోసం రాలేదని, అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమే వచ్చానని ప్రమాణం చేయించేవారు. ప్రతి మాటా వచ్చిన మనిషి గురించినదే.

ఇలా వచ్చినవారిలో హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ (రజి) ఒకరు. ఆమె తండ్రి ఎవరో తెలుసా? ఉఖ్బా బిన్ అబీ ముఈత్. కాబా వద్ద సజ్దాలో ఉన్న దైవప్రవక్త (స) వీపుపై ఒంటె పేగులు తెచ్చి వేసినవాడు. బద్ర్ తరువాత హతుడయ్యాడు. ఆమె వెనుకే ఇద్దరు అన్నదమ్ములు వచ్చి చెల్లెల్ని అప్పగించమని అడిగారు. ఇంత బలమైన శత్రు కుటుంబం నుంచి వచ్చిన స్త్రీని ఆ రాజ్యం పరీక్షించింది, నమ్మింది, తిరిగి పంపలేదు. ఒకరి భారం మరొకరు మోయరన్న ఖుర్ఆన్ వాక్యానికి (6:164) ఆచరణ రూపం ఇదే.

ఎనిమిదో ఆయతు గురించి ఒక్క మాట. హజ్రత్ అస్మా (రజి) తల్లి అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. ఒప్పందం అమల్లో ఉన్న రోజుల్లో కూతురిని చూడడానికి మదీనా వచ్చింది. తల్లితో బంధుత్వం నిలుపుకోవచ్చా అని అస్మా (రజి) అడిగితే దైవప్రవక్త (స) నిలుపుకోమన్నారు. మనతో యుద్ధం చేయనివారితో మంచిగా, న్యాయంగా ఉండడాన్ని అల్లాహ్ వారించడం లేదని చెప్పే ఆయతు అదే. సరిహద్దు ఆవల ఉన్న మేనత్తకు ఈద్ ముబారక్ చెప్పడం ద్రోహం కానేకాదు.

ఖాజీ కూర్చునే చోటు

ఇద్దరు కక్షిదారులు నీ ముందు కూర్చుంటే మొదటివాడి మాట విన్నట్టే రెండోవాడి మాట వినేవరకు తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి నేర్పారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయ్యాక హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)కి పంపిన లేఖ ఇస్లామీ న్యాయశాస్త్రంలో ఒక పునాదిరాయి. ముఖం తిప్పడంలో, కూర్చోబెట్టడంలో, పలకరింపులో ఇద్దరినీ సమానంగా చూడమన్నది అందులోని ఒక ఆదేశం. హాతిబ్ విషయంలో కత్తికి అనుమతి అడిగిన ఉమరే (రజి) ఈ లేఖ రాశారు. న్యాయపీఠం దగ్గర నేర్చుకున్న పాఠం ఎక్కడికీ పోలేదు.

మదరసాలో హిదాయా చదువుకున్నవారికి ఖాజీ మర్యాదల అధ్యాయం గుర్తుంటుంది. బంధుత్వం అక్కడ ఎన్నిసార్లు వస్తుందో గమనించండి. ఖాజీ తన తల్లిదండ్రులకు, సంతానానికి, భార్యకు అనుకూలంగా తీర్పు ఇస్తే అది చెల్లదు. తండ్రి కొడుకు పక్షాన చెప్పే సాక్ష్యం చెల్లదు. అంటే బంధుత్వం మొగ్గు తెస్తుందని షరీఅత్‌కు బాగా తెలుసు. కాని ఆ మొగ్గు కారణంగా అనర్హులయ్యేది తీర్పు చెప్పేవాడు, సాక్ష్యం చెప్పేవాడు. నిలబడి ఉన్నవాడు నేరస్థుడని బంధుత్వం నిరూపించదు. మన కాలంలో ఈ లెక్క తలకిందులైంది.

మరో ఆసక్తికర విషయం. సాక్షి మంచివాడా కాడా అని ఖాజీ రహస్యంగా ఆరా తీయించే పద్ధతి ఫిఖ్‌హ్‌లో ఉంది. సాక్షి వంశం, రూపురేఖలు, నమాజు చదివే మసీదు రాసి మూసిన చీటీ ఒక నమ్మకస్థుడికి పంపుతారు. అతను రహస్యంగానే జవాబు రాసి పంపుతాడు. మన పోలీసు వెరిఫికేషన్‌కు ఎంత దగ్గరగా ఉందో చూడండి. దీనికి తోడు బహిరంగ విచారణ కూడా ఉంది. ఆరా తీసినవాడినీ సాక్షినీ ఒకచోట నిలబెట్టి, నీవు చెప్పింది ఈ మనిషి గురించేనా అని అడుగుతారు. ఒకరి పేరు మరొకరికి అంటుకోకుండా చేసిన ఏర్పాటు అది. ఊరికి పదిమంది మస్తాన్‌వలీలు, పదిమంది బాజీలు ఉన్న మన ప్రాంతంలో ఈ జాగ్రత్త విలువ చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో గొడవలకు భయపడి రహస్య విచారణతోనే సరిపెట్టుకున్నారని కూడా అక్కడే ఉంది. నిజమే. అయితే అది సాక్ష్యం స్వీకరించాలా వద్దా అన్నంతవరకే. మూసిన చీటీ ఆధారంగా ఒక మనిషి మీద నేరం మోపడానికి కాదు.

అమెరికాలో ఏమి జరుగుతుంది?

ఇప్పుడు ఆ పల్లెలో అడిగిన రెండో ప్రశ్నకు వద్దాం. అమెరికాలో కంపెనీ ఉద్యోగుల భద్రతా అనుమతి తిరస్కరణకు వస్తే, రక్షణ శాఖకు చెందిన విచారణలు, అప్పీళ్ళ కార్యాలయంలో ఒక న్యాయాధికారి ముందు చెప్పుకునే అవకాశం ఉంది. ఈ అవకాశం ఊరికే రాలేదు. విలియం గ్రీన్ అనే విమాన ఇంజనీరుకు 1953లో అనుమతి పోయింది, దానితో ఉద్యోగమూ పోయింది. ఆయన మీద చెప్పిన కారణాల్లో ఒకటి, ఎప్పుడో విడాకులైపోయిన మొదటి భార్య కమ్యూనిస్టు సంబంధాలు. ఎవరు ఏమి సాక్ష్యం చెప్పారో ఆయనకు చూపలేదు, వారిని ఎదురు ప్రశ్నించనివ్వలేదు. 1959లో అమెరికా సుప్రీంకోర్టు, అలాంటి విచారణకు అధికారం ఎవరూ ఇవ్వలేదని తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరం, 1960లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇచ్చిన ఉత్తర్వుతో కారణాలు రాతపూర్వకంగా తెలపడం, జవాబు వినడం, హాజరై చెప్పుకోవడం అన్నవి నియమాలయ్యాయి. ఇదేమిటని అడగాలన్న ప్రవక్త సున్నత్‌కు వారు తమ దారిన చేరుకున్నారు.

2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం విదేశంలో కుటుంబం ఉండడం దానంతట అదే అనర్హత కాదు. ఆ బంధం ఒత్తిడికి, బలవంతానికి దారితీసే ప్రమాదాన్ని పెంచుతుందా? అది ఏ దేశం? దరఖాస్తుదారుడికి అమెరికాలో ఉన్న బంధాలు ఎంత గాఢమైనవి? ఇవన్నీ చూడాలి. ఇంతవరకు బాగానే ఉంది. కాని రెండు కఠినమైన విషయాలు కూడా చెప్పాలి. సందేహం మిగిలితే అది దేశ భద్రత పక్షానే తేలుతుంది. భద్రతా అనుమతి ఎవరికీ హక్కు కాదని, అందులోని మంచిచెడ్డల్లోకి కోర్టులు సాధారణంగా వెళ్ళవని 1988లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

మన సూత్రం ప్రకారం రుజువు చూపవలసినది ఆరోపించినవాడు. ఇక్కడ భారమంతా దరఖాస్తుదారుడి మీద ఉంది. ఇది అన్యాయమా? మా అభిప్రాయం ఏమిటంటే, శిక్ష వేయడం వేరు, అమానతు అప్పగించడం వేరు. ఇంటి తాళం చెవి ఎవరి చేతికి ఇవ్వాలన్నది ఇంటివాడి ఇష్టం. ఇవ్వనంత మాత్రాన అవతలివాడిని దొంగ అన్నట్టు కాదు. పదవి కోరినవారికి దైవప్రవక్త (స) పదవి ఇవ్వకపోవడం కూడా మనకు తెలుసు. కనుక ఆ జాగ్రత్తను మేము తప్పుపట్టము. కాని పై కోర్టు తలుపు దాదాపు మూసి ఉన్నచోట, సందేహమంతా ఒకవైపే మొగ్గుతున్నచోట, ఆ కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషి నిష్పాక్షికతే దరఖాస్తుదారుడికి మిగిలిన ఆధారం.

ఆ నిష్పాక్షికతను ఎలా గుర్తుపట్టాలి? గుంటూరు మిర్చి యార్డులో చూడండి. నాణ్యత చూసేవాడు బస్తా పైపైన కాయ చూసి తాలు అని తేల్చకూడదు. లోపలి నుంచి కూడా తీసి చూడాలి. రైతు ఏ ఊరివాడు, పేరేమిటి అన్నదాన్ని బట్టి ధర కట్టకూడదు. ఇక్కడా అంతే. విజయవాడలో తల్లిదండ్రులున్న తెలుగు హిందూ యువకుడికి ఒక తూకం, గుంటూరులో తల్లిదండ్రులున్న తెలుగు ముస్లిం యువకుడికి మరో తూకం ఉంటే అది పక్షపాతం. దేశాన్ని బట్టి ప్రమాదం అంచనా వేయడం నియమంలో ఉంది. పేరును బట్టి అంచనా వేయడం ఏ నియమంలోనూ లేదు.

తీర్పు వ్యతిరేకంగా వచ్చింది కాబట్టి న్యాయాధికారి పక్షపాతి అని మాత్రం అనవద్దు. అక్కడి అప్పీలు విభాగం ఆ వాదన ఒప్పుకోదు, మన ధర్మమూ ఒప్పుకోదు. తానూ మానవుడినేనని, ఒకరు మరొకరి కన్నా చక్కగా వాదించవచ్చునని, తాను విన్నదాని మీదే తీర్పు చెబుతానని స్వయంగా దైవప్రవక్త (స) అన్నారు. ఓడినవాడికి నొప్పి ఉంటుంది. ఆ నొప్పి సాక్ష్యం కాదు.

మన దేశంలో

మన ఆంధ్రప్రదేశ్‌కే చెందిన కేసులతో మొదలుపెడదాం. ఇక్కడ పుట్టి, పాకిస్తాన్ వెళ్ళి, ఆ దేశపు పాస్‌పోర్టుతో తిరిగి వచ్చినవారిని రాష్ట్ర ప్రభుత్వం విదేశీయులుగా లెక్కగట్టింది. ఆ వివాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఒకరు భారత పౌరసత్వం కోల్పోయారా లేదా అన్నది చట్టం నిర్దేశించిన అధికారి, అంటే కేంద్ర ప్రభుత్వం, విచారించి తేల్చాలే గాని, అది తేలకముందే విదేశీయుడని చర్య తీసుకోరాదని 1961లో, 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే 1962లో, విచారణ జరిగాక పరాయి దేశపు పాస్‌పోర్టు తీసుకున్నట్టు తేలితే దాన్ని తిరుగులేని రుజువుగా ఎంచే నియమాన్ని కూడా సుప్రీంకోర్టు సమర్థించింది. రెండూ చెప్పడం న్యాయం.

అన్నిటికన్నా మాకు నచ్చిన ఉదాహరణ 1983 నాటిది. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ పాఠశాలను ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగి అయ్యాడు. అతనికి ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యకలాపాలతో సంబంధం ఉందని పోలీసు నివేదిక వచ్చింది, 1974లో ఉద్యోగం తీసేశారు. సుప్రీంకోర్టులో తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. సామ్యవాద భావాలున్న న్యాయమూర్తిగా పేరుపడ్డవారు. ఆ ఉపాధ్యాయుడి రాజకీయాలకు, ఆయన ఆలోచనలకు ఆమడ దూరం. అయినా ఉపాధ్యాయుడి పక్షాన తీర్పు చెప్పారు. ఎవరో పోలీసు రాసిన నివేదికతో ఒక మనిషి జీవనోపాధి తీసేయడాన్ని రాజ్యాంగం ఒప్పుకోదన్నారు, మనది పోలీసు రాజ్యం కాదని గుర్తుచేశారు. ఒక జాతి మీద ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదన్న ఖుర్ఆన్ ఆజ్ఞ (5:8) మనం వేదికల మీద చదువుతాం. మనవాడు కానివాడి విషయంలో దాన్ని పాటించి చూపడం ఎలాగో ఈ తీర్పు చూపింది. ఇది మనకు అనుకూలమైన ఉదాహరణ కాదనేవారు ఉంటారు. న్యాయానికి మన, పర అని ఉంటుందా?

నలభై ఏళ్ళ తరువాత అదే నీడ మరోవైపు నుంచి పడింది. కేరళలోని మీడియావన్ చానెల్‌కు హోంశాఖ భద్రతా అనుమతి నిరాకరించింది. ఎందుకో చానెల్‌కు చెప్పలేదు. మూసిన కవరులో కాగితాలు హైకోర్టు చూసి సమర్థించింది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. దేశ భద్రత అన్న మాట గాలిలోంచి తెచ్చి వాడలేరని, కారణం చెప్పకుండా నిరాకరించడం న్యాయసూత్రాలకు విరుద్ధమని తేల్చింది. 2025లో తుర్కియేకు చెందిన సెలెబి విమానాశ్రయ సేవల కంపెనీ విషయంలో ఢిల్లీ హైకోర్టు మూసిన కవరు చూసి ప్రభుత్వ నిర్ణయాన్నే నిలబెట్టింది. కనుక ఈ చర్చ ముగిసిందనుకోకూడదు. అదే 2025లో జమ్మూకాశ్మీర్ హైకోర్టు, సోదరుడు మిలిటెంటు అన్న కారణంతో ఒక యువకుడికి పాస్‌పోర్టు నిరాకరించరాదని చెప్పింది.

డాక్టర్ ముహమ్మద్ హనీఫ్ ఉదంతం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెంగుళూరు వాస్తవ్యుడు, ఆస్ట్రేలియాలో డాక్టరు. వరసకు సోదరుడయ్యే ఒకతను బ్రిటన్‌లోని గ్లాస్గో విమానాశ్రయం మీద దాడి చేశాడు. మరో సోదరుడికి హనీఫ్ ఒకప్పుడు తన సిమ్ కార్డు ఇచ్చి వచ్చాడు. 2007 జూలైలో అరెస్టు చేశారు. మేజిస్ట్రేటు బెయిలు ఇచ్చిన కొన్ని గంటల్లోనే మంత్రి, నేరస్థులతో సంబంధం ఉందంటూ వీసా రద్దు చేశాడు. ఆ తరువాత కేసు వీగిపోయింది. వీసా రద్దును విచారించిన జస్టిస్ స్పెండర్, మంత్రి చెప్పిన అర్థమే తీసుకుంటే నేరస్థుల పక్షాన వాదించిన న్యాయవాదిగా తానూ ఆ పరీక్షలో తప్పేవాడినని విచారణలో వ్యాఖ్యానించారు. ఆగస్టు 21న రద్దును కొట్టివేశారు. నేరంలో సానుభూతి గాని పాలు గాని లేని చుట్టరికాన్ని చట్టంలోని సంబంధం అన్న మాట కిందికి లాగలేమన్నది ఆ తీర్పు సారం. న్యాయమూర్తి తనను తాను ఆ బోనులో నిలబెట్టి చూసుకున్నారు. న్యాయం కోసం మీకు వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పండని ఖుర్ఆన్ (4:135) మనల్ని ఆజ్ఞాపించింది కదా.

మన మొహల్లాలో

ఇంతమంది న్యాయమూర్తులను తూచాము. మనమేమీ తక్కువ విచారణలు చేయము. పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి గురించి అడిగే ముందు అతని చిన్నాన్న గురించి అడుగుతాం. దూదేకుల ఇంటివారని ఒక మాట, ఫలానా ఊరివారని ఒక మాట అంటాం. పత్తి పండే నేల మీద ఉంటూ దూది ఏకిన చేతులను తక్కువ చేయడం మాకు ఎన్నడూ అర్థం కాలేదు. మసీదు కమిటీ ముందు తగాదా వస్తే, ఒకరి తరఫు చుట్టాలు ముందురోజు రాత్రే ముతవల్లీ ఇంటికి వెళ్ళి చాయ్ తాగి వస్తారు. మర్నాడు పంచాయితీలో రెండోవాడు ఏమి చెప్పుకున్నా ఎవరి చెవికి ఎక్కుతుంది?

మదీనాలో ఇదే జరిగింది. తుఅమా అనే వ్యక్తి పొరుగింట్లో కవచం దొంగిలించి, దొరికిపోతానన్న భయంతో దాన్ని ఒక యూదుడి ఇంట్లో పెట్టించాడని తఫ్సీర్లలో ఉంది. వస్తువు యూదుడి ఇంట్లో దొరికింది. తుఅమా బంధువులు గుంపుగా దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తమవాడు నిర్దోషి అని వాదించారు. వారు ముస్లింలు, మాటకారులు. ఎదుటివాడు పరాయి మతస్థుడు, అతనికి అక్కడ అండ లేదు. వస్తువు అతని ఇంట్లోనే ఉంది. అప్పుడు నిసా సూరాలోని 105వ ఆయతు నుంచి కొన్ని ఆయతులు అవతరించాయి. నమ్మకద్రోహుల పక్షాన వాదించవద్దని అల్లాహ్ తన ప్రవక్తను వారించాడు. తాను చేసిన తప్పును అమాయకుడి మీద వేసేవాడు ఘోరమైన అపనిందను, పాపాన్ని నెత్తినెత్తుకున్నట్టేనని 112వ ఆయతు ప్రకటించింది. యూదుడు నిర్దోషిగా బయటపడ్డాడు. తుఅమా మదీనా వదిలి మక్కాకు పారిపోయాడు. అతని కోసం వాదించడానికి వచ్చిన బంధువులు మదీనాలోనే ఉన్నారు. వారి ఇళ్ళలో కూడా ఆ ఆయతులు నమాజుల్లో పఠించబడుతూ వచ్చాయి.